మూసా ఎవరు, రాం ఎవరు?

సందేహం: హైదరాబాదులోని మూసారాంబాగ్ పేటకు ఆ పేరు మూసీ నది వల్ల వచ్చిందని మా ఇంట్లో ఒకరంటారు. మూసా అనే ముస్లిం, రాం అనే హిందువు, ఇద్దరి స్నేహానికి గుర్తని ఇంకొకరు. ఏది నిజం? 'మూసీరాంబాగ్' అని దిద్ది రాయవచ్చా?
— ఒక పాఠకుడు, మలక్‌పేట

సమాధానం: దయచేసి దిద్దకండి. ఆ పేరులో నదీ లేదు, ఇద్దరు స్నేహితులూ లేరు. ఉన్నది ఒకే మనిషి, అతడూ ఫ్రెంచివాడు. రెండో నిజాం అలీఖాన్ సైన్యంలో పరాసు (ఫ్రెంచి) పటాలాలను నడిపిన సేనాని రేమండ్. 1775లో పుదుచ్చేరిలో దిగి, 1786లో నిజాం కొలువులో చేరి, 1798 మార్చి 25న చనిపోయాడు. అబిడ్స్ దగ్గర గన్‌ఫౌండ్రీ అని నేటికీ పిలిచే 'తోప్ కా సాంచా' ఆయన నెలకొల్పిన ఫిరంగుల కార్ఖానాయే.

ఫ్రెంచివాళ్లు పెద్దమనిషిని 'మస్యూ' అంటారు. 'మో' అంటే నా, 'స్యూర్' అంటే దొర. రెండూ కలిసి అరిగిపోతే మస్యూ. ఈ 'స్యూర్'కు మూలం లాటిన్ 'సెనియోర్', అంటే వయసులో పెద్ద. ఇంగ్లీషు సైన్యంలో సిపాయి రోజంతా పలికే 'సర్' కూడా ఆ కడుపున పుట్టిందే. పెద్దరికం దొరతనంగా మారడం మన 'పెద్ద', 'పెద్దకాపు'లలో లేదా? ఇక రేమండ్ అన్నది ఇంగ్లీషు పలుకు. ఫ్రెంచివాడి నోట చివరి డకారం వినపడదు, నకారం ముక్కులోకి పోతుంది. దాదాపు 'రెమో' అని వినిపిస్తుంది. ఇప్పుడు 'మస్యూ రెమో' అని నాలుగుసార్లు గబగబా అనండి. వరసలో నిలబడ్డ సిపాయి చెవికి అది ఎలా చేరిందో తెలుస్తుంది. హిందువులకు 'మూసా రాం', ముస్లింలకు 'మూసా రహీం'. మూసా అంటే ముస్లింలకు ప్రవక్త, బైబిలులోని మోషే. చెవిన పడిన పరాయి ధ్వనిని ఎవరికి వారు తమ పూజ్యుల పేరుతో నింపుకున్నారు. ఆ దొర మీద వాళ్లకు గౌరవం లేకపోతే ఈ పేర్లు తట్టేవి కావు. ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఆయన సమాధి దగ్గర నల్లరాతి స్తంభం ఉంది. వర్ధంతినాడు అక్కడికి జనం చేరేవారు.

నది మాట ఎందుకు పుట్టిందో ఊహించవచ్చు. మూసీ పక్కనే పారుతోంది, దాని మీది వంతెననూ ఈ పేటపేరుతోనే పిలుస్తున్నాం. దగ్గరలో ఉన్నంత మాత్రాన చుట్టరికం కలపకూడదు.

దండులో మాటలకు ఇలాంటి దశ పట్టడం కొత్త కాదు. రాత్రి కాపలావాడు 'హుకుందార్' అని కేక వేసేవాడు. అది 'హూ కమ్స్ దేర్' అన్న ఇంగ్లీషు ప్రశ్న. అర్థం తెలియని చోట మనవాడికి 'హుకుం' తోచింది, దాని పక్కన 'దార్' చేరింది. పటాలం ఫ్రెంచి 'బతాయోఁ'కో ఇంగ్లీషు 'బెటాలియన్'కో తద్భవం. అదే అర్థమున్న 'పల్టను' ఎక్కణ్ణుంచి వచ్చిందో పండితులకు ఏకాభిప్రాయం లేదు. పరాసు అంటే ఫ్రెంచివాడు. 1757లో బొబ్బిలి కోట మీదికి ఫ్రెంచి సేనాని బుస్సీతో వచ్చిన వాళ్లు పరాసులే.

ఈ సందర్భంలో ఒక్క మాట అనకుండా ఉండలేను. మన పాతవాళ్లు 'కర్నలు' అని రాస్తే నేటి పత్రికలు దాన్ని నాటుమాటగా చూసి 'కల్నల్' అని సంస్కరించాయి. ఇటాలియనులో అది 'కొలొన్నెల్లో', ఫ్రెంచిలోకి వచ్చేసరికి లకారం రకారమై 'కొరొనెల్' అయింది. ఇంగ్లీషువాడు ఆ తర్వాత రాతలో లకారాన్ని మళ్లీ తెచ్చుకొని, నోటితో మాత్రం ఈనాటికీ 'కర్నల్' అనే అంటాడు. మన పెద్దలు చెవితో విని రాశారు, మనం అక్షరాలు చూసి రాస్తున్నాం. ఎవరిది తప్పో మీరే చెప్పండి. పేర్లను దిద్దే ఉత్సాహం ఉన్నవాళ్లు ముందు ఆ పేరు ఎవరి నోట పుట్టిందో కనుక్కోవాలి. లేకపోతే ఒక సేనాని పేరు చెరిపి నది పేరు రాసేస్తారు.

ఇక రాత సంగతి. సున్నాతో 'మూసారాంబాగ్' తెలుగు అలవాటుకు దగ్గర. 'మూసారామ్‌బాగ్' అని మకారం పొల్లు పెట్టినా దోషమనను. చివర ఉకారం చేర్చి 'బాగు' అనడం తెలుగు స్వభావమే కానీ, తోట అన్న అర్థం పోయి మంచి అన్న అర్థం తోస్తుంది కాబట్టి నాకంతగా నచ్చదు. వాడుకలో ఉకారం నిలిచిపోతే అప్పుడు చూద్దాం. 'మూసీరాంబాగ్'ను మాత్రం ఒప్పుకోను.