నోటీసు పక్కన పడెయ్యకు అల్లుడా

అల్లుడా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది, పది టైర్ల లారీ వాడపల్లి నుంచి సిమెంట్ లోడుతో వస్తుంటే నార్కట్‌పల్లి దగ్గర ఆపి ఓవర్‌లోడ్ అని వీసీఆర్, అంటే బండి చెక్ చేసిన రిపోర్టు, రాసిన్రంట, ఇప్పుడు పర్మిట్ ఎందుకు సస్పెండ్ చెయ్యొద్దో చెప్పుమని షోకాజ్ నోటీసు గూడ వచ్చిందంట, నువ్వేమో ఎవరో ఏజెంట్ చూసుకుంట అన్నడని బేఫికర్‌గ కూసున్నవంట. ఆ మాట విన్నంక నాకు నిద్ర పట్టలే. ఎందుకంటే ఒకప్పుడు నేను గూడ గట్లనే కూసున్న.

అప్పుడు నువ్వు చిన్నోనివి. మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం లోడు కొట్టేటోణ్ణి. నోటీసు వస్తే మడిచి దేవుని పటం వెనక పెట్టిన. ఏజెంట్ పైసలు తీస్కొని పని అయిపోయిందన్నడు, నమ్మిన. గడువు దాటింది, ఫైల్ల నా తరఫున ఒక్క కాగితం లేదు, మూడు నెలలు పర్మిట్ సస్పెండ్. బండి ఇంటి ముందు యాపచెట్టు కింద నిలబడ్డది, టైర్ల చుట్టు గడ్డి మొలిచింది, కిస్తీ మాత్రం ప్రతి నెల ఐదో తారీఖు వచ్చేది. మీ అత్త పుస్తెలతాడు బ్యాంకుల పెట్టి కట్టిన.

అందుకని చెప్తున్న, ముందుగాల నోటీసు మొత్తం చదువు. ఏ సెక్షన్ రాసిన్రు, ఏ తారీఖు చెకింగు, జవాబుకు ఎన్ని రోజులు ఇచ్చిన్రు. కవరు గూడ పడెయ్యకు, నీకు ఎప్పుడు అందిందో చెప్పే పోస్టు ముద్ర దాని మీదనే ఉంటది. మోటారు వాహనాల చట్టం 1988ల 86వ సెక్షన్ ఉన్నది, సంజాయిషీ చెప్పుకునే మోక ఇయ్యకుండ పర్మిట్ సస్పెండ్ చెయ్యొద్దు, రద్దు చెయ్యొద్దు, చేస్తే కారణాలు రాసియ్యాలె. ఆ మోకనే ఇప్పుడు నీ చేతిల ఉన్న నోటీసు. సస్పెండ్ చేసే బదులు ఒప్పుకున్నంత సొమ్ము కట్టించుకునే దారి గూడ ఆ సెక్షన్లనే ఉన్నది, అది ఆఫీసర్ ఇష్టం, కానీ మనం జవాబుల అడగాలె కదా, అడగకపోతే వాళ్ళకెట్ల తెలుస్తది మనకు కిస్తీలు ఉన్నయని.

ఇగ బండిని తూచినప్పుడు ఇచ్చిన కాంటా చీటీ. బండి నంబరు, టైము, బరువు సరిగ్గ ఉన్నయా చూడు. పది టైర్ల బండికి, బండీ లోడూ కలిపి ఉండొచ్చిన మొత్తం బరువును 2018 జూలైల 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచిన్రు గానీ నీ ఆర్‌సీల ఏం రాసుంటే అదే లెక్క. ఎక్కువ లోడు దించుమని రాతపూర్వకంగ ఆర్డర్ ఇయ్యాలని 114వ సెక్షన్ల ఉన్నది, అది ఇచ్చిన్రా లేదా డ్రైవర్‌ను అడుగు. 2019ల మారిన 194వ సెక్షన్ ప్రకారం జరిమానా 20,000, మీదికెళ్లి ఎక్కువున్న ప్రతి టన్నుకు 2,000, అంటే ఐదు టన్నులు ఎక్కువుంటే 30,000, లోడు దించిన ఖర్చు వేరే. నిజంగ ఎక్కువుంటే ఎక్కువున్నదనే రాయి బిడ్డా, అబద్ధం రాస్తే ఆ కాంటా చీటీనే నిన్ను పట్టిస్తది.

ఫైన్ కట్టినం కదా ఇంకేంది అని నువ్వు అన్నవంట. ఆ రసీదు జవాబుకు జత చెయ్యి, 200వ సెక్షన్ కింద కాంపౌండ్ అయ్యిందని, అంటే పైసలు కట్టి ఆ కేసు అక్కడికే ముగిసిందని, వకీల్ సాబ్ వాదిస్తడు, కానీ రసీదు జేబుల పెట్టుకొని నోటీసుకు జవాబే ఇయ్యకపోతే నీ తరఫున వాదించేటోడెవడు?

వకీలును గూడ చూసి పెట్టుకో, భూమి కేసులు చూసేటాయన వద్దు, ఆర్టీఏ, అంటే రవాణా ఆఫీసు, కేసులు చేసినోళ్ళు కావాలె. బండి మీ అమ్మ పేరు మీద ఉన్నది కదా, జవాబు మీద, వకీలును పెట్టుకున్నట్టు రాసే వకాలత్ మీద సంతకం ఆమెదే ఉండాలె, నువ్వు పెట్టకు. ఆడోళ్ళకు ఆదాయంతో పని లేకుండ సర్కారు ఉచితంగ వకీలును ఇస్తది, నల్గొండ కోర్టుల జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసుల అర్జీ పెట్టాలె, లేకుంటే 15100కు ఫోన్ కొట్టు. నాకు ఆ రోజుల్ల ఈ సంగతి చెప్పినోడు లేడు.

జవాబు రెండు కాపీలు తీయ్, ఒకటి రవాణా ఆఫీసుల ఇచ్చి రెండోదాని మీద అందినట్టు ఇన్‌వర్డ్ ముద్ర, తారీఖు ఏపిచ్చుకో. వాళ్ళు తీస్కోము అని అంటే స్పీడ్ పోస్టుల రిజిస్ట్రేషన్ చేపిచ్చి పంపు. ఒకవేళ ఆర్డర్ మనకు ఉల్టా వస్తే అదే రోజు ఆర్డర్ నకలుకు అర్జీ పెట్టు, 89వ సెక్షన్ కింద రాష్ట్ర ట్రాన్స్‌పోర్ట్ అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు పోవచ్చు, దానికి గూడ గడువు ఉంటది. సస్పెన్షన్ల ఉండంగ రాత్రిపూట ఒక ట్రిప్పు కొడదామని మాత్రం అనుకోకు, పర్మిట్ లేకుండ నడిపితే 192ఏ సెక్షన్ కింద 10,000 జరిమానా, ఆరు నెలల దాక జైలు గూడ ఉండొచ్చు, నాకూ ఒక రాత్రి ఆ బుద్ధి పుట్టింది, మీ అత్త తాళంచెవి దాచిపెట్టింది.

ఎల్లుండి పొద్దుగాల బస్సుకు నల్గొండ వస్తున్న. తొమ్మిదింటికి గడియారం దగ్గర ఉంట, మీ అమ్మను తోల్కరా. ఆర్‌సీ, పర్మిట్, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, వీసీఆర్, లోడు బిల్లు, ఆ నోటీసు కవరుతో సహా సంచిల పెట్టుకో. కాంటా చీటీ డ్రైవర్ దగ్గర ఉన్నదన్నవ్, ఇయ్యాలనే తెప్పిచ్చుకో, ఆ ఇంకు రోజులు గడిస్తే మాసిపోతది, ముందుగాల జిరాక్స్ తీయించు.

నీ మామ