జైలులో ఉన్న పెద్దాయనకు కిడ్నీ జబ్బు: ముందుగా సంపాదించవలసిన కాగితం

మీ తాతగారికి 74 ఏళ్లు, జీవిత ఖైదు, కిడ్నీలు పాడయ్యాయి, ఆఖరి రోజులైనా ఇంట్లో ఉండనిస్తారా అని అడిగారు. మాది బరంపురం. మా చిన్నాన్న కోసం రెండేళ్లు ఇదే పని మీద తిరిగాను.

ఒకరోజు ములాఖత్‌లో ఆయన జాలీ అవతల పైజామా పైకి లాగి, నీరు పట్టిన కాలి మీద బొటనవేలితో నొక్కి చూపించారు. వేలు తీసినా గుంట పూడలేదు. పెద్దాసుపత్రికి పంపమని జైలు డాక్టరు రాశారు. ఎస్కార్ట్ పోలీసులు లేరని మూడుసార్లు వాయిదా వేశారు.

మా మొదటి పిటిషన్ నిండా ఆయన వయసు, మా కన్నీళ్లే. జైలు నివేదికలో ‘పరిస్థితి నిలకడగా ఉంది’ అన్న ఒక్క వాక్యం చాలింది, కొట్టేశారు. రెండోసారి కిడ్నీ వైద్యుడి చేత ‘వారానికి రెండుసార్లు డయాలసిస్ అవసరం, ఆ సౌకర్యం జైలులో లేదు’ అని రాయించాం. ఆ రెండో ముక్క లేకపోతే మొదటిదానికి విలువ లేదు. పాత రిపోర్టులూ వెతకండి. ఉద్దానం పక్కనే ఉన్నవాళ్లం, ఈ జబ్బు మనకు కొత్తా? సోంపేటలో చూపించుకున్న చీటీలను పిన్ని బియ్యం డబ్బాలో దాచింది కాబట్టి జబ్బు అరెస్టుకు ముందు నుంచీ ఉందని తేలింది.

లాయరుకు డబ్బు లేదని ఆగకండి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం అందాలి. న్యాయసహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోను చేయండి. అప్పీలు పెండింగులో ఉంటే శిక్ష నిలిపివేసి బెయిలు ఇమ్మని అడగవచ్చు. లేకపోతే పెరోల్ (షరతులతో కొన్నాళ్లు బయటకు పంపడం), శిక్ష తగ్గింపు. జైలులో పద్నాలుగేళ్లు నిండలేదు కాబట్టి విడుదల కుదరదని ఎవరైనా అంటే, రాజ్యాంగం 161వ అధికరణం కింద గవర్నరుకు ఆ లెక్క అడ్డం కాదని చెప్పండి. 2022లో వరవరరావుకు అనారోగ్యంపై వచ్చిన బెయిలు చూపి ఆశ పెడితే మాత్రం నమ్మకండి. ఆయన విచారణ ఖైదీ, మీ తాతగారికి శిక్ష పడింది.

ఆసుపత్రిలో మంచానికి బేడీ వేస్తే మేజిస్ట్రేటు అనుమతి చూపించమనండి. 1995లోనే సుప్రీంకోర్టు చెప్పిన మాట అది.

చిన్నాన్నకు చివరికి మధ్యంతర బెయిలు వచ్చింది. ఇంట్లో పందొమ్మిది రోజులు ఉన్నారు. సాయంత్రం కాగానే, ఎవరూ పిలవకుండానే, జైల్లో ఖైదీల లెక్కకు లేచినట్టే లేచి కూర్చునేవారు.