కోడ్ శైలిని మెషీన్‌కి అప్పగించేముందు

చిరంజీవి శ్రావణికి,

ఆశీస్సులు. మీ టీమ్ పైథాన్ కోడ్‌కి శైలి తనిఖీలు పెట్టే పని నీకు అప్పగించారని రాశావు. అందుకు రఫ్ అనే టూల్ ఎంచుకోవడం మంచి పనే. ఫార్మాటర్, లింటర్ రెండూ అందులోనే ఉన్నాయి. ఫ్లేక్8, ఐసార్ట్, బ్లాక్ అని మూడు టూల్స్ విడివిడిగా చూసుకునే బాధ తప్పుతుంది. దాన్ని ఇన్‌స్టాల్ చేయడం పది నిమిషాల పని. అది టీమ్‌లో నిలబడుతుందా, లేక రెండు నెలల్లో అందరూ దాన్ని దాటేసే దారులు వెతుక్కుంటారా అన్నది మాత్రం నువ్వు ఏ పని ముందు చేశావు, ఏది తర్వాత చేశావు అన్నదాన్నిబట్టి ఉంటుంది. అందుకే వరుస గురించే ఎక్కువ రాస్తున్నాను.

ఫార్మాటర్ కోడ్ కనబడే తీరును మారుస్తుంది. ఖాళీలు, లైన్ విరుపులు, కోట్ గుర్తులు దాని పరిధి. ప్రోగ్రామ్ చేసే పని మారదు. లింటర్ కోడ్ అర్థం జోలికి వెళ్తుంది. 1978లో బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ సీ భాషకి రాసిన మొదటి లింట్ కూడా కంపైలర్ చూసీ చూడనట్టు వదిలేసే పొరపాట్లు పట్టుకోవడానికే పుట్టింది. ఈ రెండు రకాల మార్పుల్నీ ఒకే కమిట్‌లో (గిట్‌లో ఒకసారిగా భద్రపరిచే మార్పుల కట్టలో) కలపకు. మూడొందల ఫైళ్లలో ఖాళీలు మారిన డిఫ్ మధ్యలో ఒక ఇంపోర్ట్ ఎగిరిపోతే ఏ రివ్యూయర్ కంటికీ ఆనదు.

కాబట్టి ముందు ఫార్మాటర్ ఒక్కటే. సెట్టింగుల దగ్గర వాదనలు పెరగనీయకు. పైథాన్ శైలి మార్గదర్శి పెప్ 8 లైన్‌కి 79 అక్షరాలంటుంది, బ్లాక్, రఫ్ రెండూ డిఫాల్ట్‌గా 88 పెట్టాయి. 88 ఉంచెయ్. వంద కావాలి, నూట ఇరవై కావాలి అని మీటింగ్ పెడితే ఆ గంట వృథా. వెర్షన్ మాత్రం కచ్చితంగా బిగించు. ఫార్మాటర్ వెర్షన్ మారితే అది ఇచ్చే రూపం కూడా మారవచ్చు. 2025 జనవరిలో వచ్చిన రఫ్ 0.9తో ఎఫ్-స్ట్రింగ్‌ల లోపలి భాగాల్ని కూడా అది సర్దడం మొదలుపెట్టింది. ఒకరి ల్యాప్‌టాప్‌లో 0.8, సీఐలో (కోడ్ పంపిన ప్రతిసారీ తనిఖీలు నడిపే సర్వర్‌లో) 0.9 ఉంటే ఒకరు సర్దింది ఇంకొకరు మళ్లీ మారుస్తారు, దానికి అంతుండదు. రఫ్ సెట్టింగుల్లో ‘రిక్వైర్డ్ వెర్షన్’ అని ఉంది. అది రాసిపెడితే వేరే వెర్షన్‌తో నడిపినప్పుడు టూలే ఆగిపోయి చెబుతుంది.

ఫార్మాట్ నడిపే ముందు లైన్ చివర్లు సరిచెయ్. టీమ్‌లో కొందరు విండోస్, కొందరు మ్యాక్ వాడుతుంటే ఫైళ్లలో రెండు రకాల లైన్ ఎండింగ్‌లూ కలిసే ఉంటాయి. రఫ్ డిఫాల్ట్‌గా ప్రతి ఫైల్‌లో ఏది ఉందో చూసి దాన్నే కొనసాగిస్తుంది కాబట్టి ఆ తేడా అలాగే మిగిలిపోతుంది. గిట్ ఆట్రిబ్యూట్స్ ఫైల్‌లో అన్ని టెక్స్ట్ ఫైళ్లకీ ఎల్ఎఫ్ (మ్యాక్ వాడే లైన్ ఎండింగ్) అని ఒక్క వరుస రాసి, రీనార్మలైజ్ చేసి, అది వేరే కమిట్‌గా వెయ్. జాంగో మైగ్రేషన్లు, ప్రోటోబఫ్ నుంచి పుట్టిన ఫైళ్లు, బయటినుంచి తెచ్చి పెట్టుకున్న లైబ్రరీలు మినహాయింపుల్లో పెట్టు. ఇక్కడొక మెలిక ఉంది. ఫైల్ పేరును నేరుగా కమాండ్‌కి ఇస్తే రఫ్ మినహాయింపుల జాబితాను పట్టించుకోదు. రఫ్ వాళ్ల ప్రీ-కమిట్ హుక్‌లో (కమిట్‌కి ముందు దానంతటదే నడిచే తనిఖీలో) దీనికి ‘ఫోర్స్ ఎక్స్‌క్లూడ్’ ముందే పెట్టి ఉంటుంది. మీరు సొంతంగా స్క్రిప్ట్ రాసుకుంటే మాత్రం ఆ ఆప్షన్ మీరే పెట్టుకోవాలి.

పెద్ద ఫార్మాట్ కమిట్‌కి రోజు చూసుకుని దిగు. రిలీజ్ అయిపోయి, ఓపెన్ బ్రాంచీలు తక్కువగా ఉన్న రోజు మంచిది. టెస్టులు ముందొకసారి, తర్వాతొకసారి నడపాలి. ఆ కమిట్‌లో చేత్తో ఒక్క అక్షరం కూడా మార్చకూడదు. ఏ వెర్షన్‌తో ఏ కమాండ్ నడిపావో కమిట్ మెసేజ్‌లో రాస్తే, అనుమానం వచ్చినవాళ్లు తామే నడిపి పోల్చుకుంటారు.

అప్పటికి ఇంకా మెర్జ్ కాని బ్రాంచీలున్నవాళ్లు కంగారుపడతారు. వాళ్లకి ఈ మూడు మెట్లూ చెప్పు. ఫార్మాట్ కమిట్‌కి సరిగ్గా ముందున్న కమిట్‌ను తమ బ్రాంచ్‌లోకి మెర్జ్ చేసుకుని, నిజమైన కాన్‌ఫ్లిక్ట్‌లు ఉంటే అక్కడే తేల్చుకోవాలి. తర్వాత అదే రఫ్ వెర్షన్, అదే సెట్టింగులతో తమ బ్రాంచ్‌ను ఫార్మాట్ చేసి కమిట్ చేయాలి. ఆపైన ఫార్మాట్ కమిట్‌ను ‘అవర్స్’ స్ట్రాటజీతో మెర్జ్ చేయాలి. రెండువైపులా ఒకే తీరులో సర్దినదే కాబట్టి తమ వైపు ఉన్నది ఉంచేసుకుంటే ఏమీ పోదు. ఒక విషయం గట్టిగా చెప్పు, అవర్స్ వాడేది ఆ ఒక్క కమిట్‌కే. మెయిన్ బ్రాంచ్ చివరిదాకా అలా మెర్జ్ చేస్తే తర్వాత వచ్చినవాళ్ల పనంతా చడీచప్పుడు లేకుండా మాయమవుతుంది.

ఏ లైన్ చివరిగా ఎవరు మార్చారో చూపే గిట్ బ్లేమ్ గురించి ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ప్రతి లైన్ మీదా నీ పేరే కనబడితే అసలు ఎవరు ఎందుకు రాశారో తెలియదన్నది న్యాయమైన అభ్యంతరమే. గిట్ 2.23 నుంచి దీనికి మందు ఉంది. గిట్ బ్లేమ్ ఇగ్నోర్ రెవ్స్ అనే ఫైల్‌లో ఆ కమిట్ పూర్తి 40 అక్షరాల హ్యాష్ (దాని గుర్తింపు కోడ్) రాసి, గిట్ కాన్ఫిగ్‌లో ఆ ఫైల్‌ను చూపిస్తే బ్లేమ్ దాన్ని దాటి వెనక్కి చూస్తుంది. గిట్‌హబ్ కూడా ఆ ఫైల్‌ను గుర్తిస్తుంది. అయితే మీరు బ్రాంచ్‌లోని కమిట్‌లన్నిటినీ ఒక్కటిగా చేసే స్క్వాష్ మెర్జ్ వాడుతుంటే, మెర్జ్ అయ్యాక హ్యాష్ మారిపోతుంది. అందుకని ఆ ఫైల్‌ను అదే పుల్ రిక్వెస్ట్‌లో పెట్టకు. మెర్జ్ అయ్యాక మెయిన్‌లో కనబడే హ్యాష్ తీసుకుని తర్వాతి కమిట్‌లో చేర్చు.

ఇక లింటర్. దీన్ని నెమ్మదిగా తీసుకురా. రఫ్ డిఫాల్ట్‌గా ఇచ్చే నియమాలు తక్కువే, ఎక్కువగా పైఫ్లేక్స్ అనే పాత లింటర్‌వి. వాటితో మొదలుపెట్టి, ఇంపోర్ట్‌ల వరుస కోసం ‘ఐ’ గుంపు చేర్చు (ఫార్మాట్ కమాండ్ ఇంపోర్ట్‌లను వరుసపెట్టదు, అది చెక్ కమాండ్ పని). కొన్నాళ్లకి బగ్‌బేర్ నియమాలు, అంటే ‘బి’ గుంపు. ఫంక్షన్ ఆర్గ్యుమెంట్‌కి ఖాళీ లిస్ట్‌ను డిఫాల్ట్‌గా ఇచ్చినచోట బి006 పట్టుకుంటుంది. ఆ లిస్ట్ ప్రతి పిలుపుకీ కొత్తగా పుట్టదు, ఒక్కటే అందరికీ వస్తుంది. ఆ నియమం ఒక్కటే చాలు, టూల్ పెట్టిన కష్టానికి ఫలితం దక్కినట్టే. పాత రాతల్ని కొత్త పైథాన్ పద్ధతిలోకి మార్చే ‘యూపీ’ గుంపు పెట్టేముందు మీ సర్వర్లలో నడిచే పైథాన్ వెర్షన్ టార్గెట్‌గా రాసి ఉందో లేదో చూడు. సర్వర్‌లో 3.9 ఉండి సెట్టింగులో 3.10 అని ఉంటే, 3.9కి అర్థంకాని రాతల్ని అదే రాసిపెడుతుంది. ‘ఆల్’ అని అన్నీ ఒకేసారి ఎప్పుడూ పెట్టకు. వెర్షన్ మార్చిన ప్రతిసారీ ఎవరూ అడగని కొత్త నియమాలు వచ్చి బిల్డ్ ఆపుతాయి.

ఆటోమేటిక్ ఫిక్స్ దగ్గరే నీ జాగ్రత్తంతా ఉండాలి. జాంగో యాప్‌లో రెడీ ఫంక్షన్ లోపల ‘ఫ్రమ్ డాట్ ఇంపోర్ట్ సిగ్నల్స్’ అని ఒక లైన్ ఉంటుంది. ఆ పేరును తర్వాత ఎక్కడా వాడరు, ఇంపోర్ట్ అయితే చాలు, సిగ్నల్స్ నమోదవుతాయి. లింటర్‌కి అది వాడని ఇంపోర్ట్‌గానే కనబడుతుంది. ఎఫ్401 అని చెప్పి, ఫిక్స్ ఇస్తే తీసేస్తుంది. ఎర్రర్ రాదు, సర్వర్ లేస్తుంది, పేజీలు తెరుచుకుంటాయి. కొత్త యూజర్ నమోదైనప్పుడు పుట్టాల్సిన ప్రొఫైల్ మాత్రం పుట్టదు. దానికి టెస్ట్ లేకపోతే ఎప్పటికి తెలుస్తుందో చెప్పలేం. అలాంటి లైన్ పక్కన నోక్యూఏ (ఇక్కడ ఫిర్యాదు చేయకు అని లింటర్‌కి చెప్పే గుర్తు) అని, ఎఫ్401 కోడ్ రాసి, ఎందుకు ఉంచారో నాలుగు మాటలు రాయాలి. కోడ్ లేకుండా ఉత్త నోక్యూఏ రాస్తే ఆ లైన్‌లో రేపు వచ్చే నిజమైన తప్పు కూడా దాగిపోతుంది. దాన్ని ఒప్పుకోని నియమం పీజీహెచ్004, పెట్టుకో. పనికిరాని పాత నోక్యూఏలను రఫ్100 అనే నియమం ఏరిపెడుతుంది.

అన్‌సేఫ్ ఫిక్స్‌లు, అంటే ప్రోగ్రామ్ చేసే పనినే మార్చే ప్రమాదమున్నవి, మొత్తం రిపో మీద నడపకు. డేటాబేస్ క్వెరీలు రాసే లైబ్రరీ ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ ఫిల్టర్‌లో ఒక కాలమ్‌ను డబుల్ ఈక్వల్స్‌తో నన్‌కి పోలిస్తే, అది డేటాబేస్‌కి ‘ఈజ్ నల్’గా వెళ్తుంది. ఇ711 నియమం దాన్ని చూసి ‘ఈజ్ నన్’ అని మార్చమంటుంది. మార్చిన మరుక్షణం ఆ పోలిక డేటాబేస్ దాకా వెళ్లకుండా పైథాన్‌లోనే ఫాల్స్ అయిపోతుంది, క్వెరీకి ఒక్క వరుస కూడా రాదు. అక్కడ రాయాల్సింది ఆ కాలమ్‌కి ఉన్న ‘ఈజ్ అండర్‌స్కోర్’ మెథడ్. డేటా పట్టికల లైబ్రరీ పాండాస్‌లో ట్రూతో పోల్చేచోట ఇ712ది కూడా ఇదే తంతు. రఫ్ వీటిని అన్‌సేఫ్ అని విడిగా పెట్టింది ఇందుకే. ఒక్కో నియమం, ఒక్కో ఫోల్డర్ తీసుకుని డిఫ్ చదువుతూ చెయ్.

తనిఖీ మూడుచోట్ల ఉండాలి. ఎడిటర్‌లో సేవ్ చేయగానే ఫార్మాట్ అవ్వాలి, చాలామందికి అదే సరిపోతుంది. ప్రీ-కమిట్ రెండోది. ఫిక్స్‌తో నడిపే చెక్ హుక్ ముందు, ఫార్మాట్ హుక్ తర్వాత రావాలి, ఎందుకంటే ఫిక్స్ చేసిన కోడ్‌ను మళ్లీ సర్దాల్సి ఉంటుంది. హుక్ ఫైల్‌ను మారిస్తే కమిట్ ఆగిపోతుంది. మళ్లీ యాడ్ చేసి కమిట్ కొట్టాలన్న సంగతి కొత్తవాళ్లకి ముందే చెప్పు, లేకపోతే టూల్ పాడైందనుకుంటారు. రిపో క్లోన్ చేసిన ప్రతిసారీ ప్రీ-కమిట్ ఇన్‌స్టాల్ నడపాలి, పైగా ‘నో వెరిఫై’ ఇచ్చి దాన్ని దాటడం ఎవరికైనా వచ్చు. అందుకే చివరి మాట సీఐదే. అక్కడ ఫిక్స్ ఇవ్వకు, చెక్ ఒకటి, ఫార్మాట్‌కి చెక్ ఆప్షన్ ఒకటి, రెండూ పాసైతేనే మెర్జ్ అయ్యేలా బ్రాంచ్ ప్రొటెక్షన్‌లో పెట్టు. హెచ్చరికగా చూపించి వదిలేసే నియమం ఉండకూడదు. ఆపదగ్గ తప్పయితే ఆపాలి, కాకపోతే తీసెయ్యాలి. రోజూ వంద హెచ్చరికలు కనబడితే నూట ఒకటోది ఎవరూ చదవరు.

మీ యాప్‌లో తెలుగు మెసేజ్‌లు కోడ్‌లోనే ఉన్నాయని రాశావు కదా, దానికీ రెండు మాటలు. లైన్ పొడవు చూసే ఇ501 పెడితే తెలుగు లైన్ల దగ్గర లెక్క కంటికి కనబడేదానితో కలవదు. ‘ప్రయాణికుడు’ మనకి ఐదు అక్షరాలు. ఫ్లేక్8 లెక్కలో ఒత్తులు, గుణింతాలు విడివిడిగా పడి పదకొండు. ఫార్మాటర్ పొడవైన స్ట్రింగ్‌లను విరవదు కూడా, కాబట్టి ఆ ఫిర్యాదు అలాగే ఉండిపోతుంది. ఆ మెసేజ్‌లను గెట్‌టెక్స్ట్ ఫైళ్లలోకి (అనువాదాలు కోడ్ బయట ఉంచే ఫైళ్లు) మార్చడమే సరైన దారి, అప్పటిదాకా ఇ501 వదిలెయ్. ఇంకోటి, కనబడని యూనికోడ్ అక్షరాలన్నీ తుడిచేసే హుక్ ఎవరైనా రాస్తామంటే ఒప్పుకోకు. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ట పొల్లుకీ వకీ మధ్య కనబడని నాన్-జాయినర్ ఒకటి ఉంటుంది. అది పోతే వ ఒత్తుగా మారి ‘సాఫ్ట్వేర్’ అని స్క్రీన్ మీద పడుతుంది. టెస్టులకి అది పట్టదు, చదివేవాళ్లకి పడుతుంది.

రివ్యూలో ఇకమీద ఖాళీల గురించీ కోట్‌ల గురించీ ఎవరూ రాయకూడదని టీమ్‌కి చెప్పు. ఒకే శైలి మాట రెండోసారి వచ్చిందంటే దానికి నియమం ఉందేమో వెతుకు. లేకపోతే ఆ మాట వదిలేయమను. పేర్లు బాగున్నాయా, ఈ ఫంక్షన్ ఇక్కడ ఉండాలా, ఎర్రర్ వస్తే ఏమవుతుంది అన్నవి ఏ టూలూ చూడలేదు. మిగిలిన సమయం వాటికే పోవాలి. రఫ్ వెర్షన్ పెంచే పని మూడు నెలలకోసారి ఒకరి పేరున పెట్టు. పెంచినప్పుడు సెట్టింగ్‌లో, ప్రీ-కమిట్‌లో, సీఐలో మూడుచోట్లా ఒకే అంకె ఉందో లేదో చూసుకుని, ఫార్మాట్ మారితే దాన్ని విడి కమిట్‌గా వేసి ఆ హ్యాష్‌ను కూడా ఇగ్నోర్ రెవ్స్‌లో చేర్చమను.

ఏ నియమం దగ్గరైనా టీమ్‌లో పేచీ వస్తే ఆ కోడ్ నంబర్, ఆ నాలుగు లైన్లూ నాకు పంపు, చూసి చెబుతాను.

మీ బాబాయ్