రక్తపరీక్షతోనే పెద్దపేగు క్యాన్సర్ తెలిసిపోతుందా?

ప్రశ్న: నాకు 56 ఏళ్లు. డల్లాస్‌లో ఉండే మా అబ్బాయి ‘ఇప్పుడు పేగు క్యాన్సర్‌ని రక్తంలోని డీఎన్‌ఏతోనే కనిపెట్టేస్తున్నారు, కెమెరా గొట్టంతో పేగు లోపల చూసే కొలొనోస్కోపీ అక్కర్లేదు’ అంటున్నాడు. ఈ నెలలో రెండుసార్లు విరేచనంలో రక్తం పడింది. మొలలే అనుకుంటున్నాను. అక్కడికి వెళ్లినప్పుడు ఆ పరీక్ష చేయించుకుంటే చాలా?
– పాఠకుడు, గుంటూరు

జవాబు: చాలదండీ. ప్రయాణం దాకా ఆగనూ వద్దు. ఆ పరీక్ష ఏ లక్షణమూ లేనివారికోసం. రక్తం పడుతున్న మీకు కావలసింది కొలొనోస్కోపీయే. ఈ వారంలోనే గ్యాస్ట్రోఎంటరాలజిస్టును కలవండి. మొలలు ఉన్నాయని తేలినా, ఆ పైన పేగులో ఇంకేమీ లేదని కాదు. రెండూ ఒకే మనిషికి ఉండొచ్చు.

మీ అబ్బాయి చెప్పింది బహుశా ‘షీల్డ్’ అనే రక్తపరీక్ష గురించి. 45 ఏళ్లు దాటి, మామూలు ముప్పు మాత్రమే ఉన్నవారికి దాన్ని వాడవచ్చని అమెరికాలో మందులకు, పరీక్షలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2024 జులైలో అనుమతించింది. ఇంట్లో తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ జబ్బు వచ్చినవారు దీనిమీద ఆధారపడకూడదు.

చనిపోయిన కణాల డీఎన్‌ఏ చిన్న ముక్కలై రక్తంలో కలుస్తుంది. క్యాన్సర్ కణాల్లో కొన్ని జన్యువులకు మిథైల్ అనే రసాయన గుర్తులు అసాధారణంగా అంటుకుంటాయి. 2016లో అనుమతి వచ్చిన పాత పరీక్ష సెప్టిన్9 అనే ఒక్క జన్యువులోనే ఈ గుర్తు కోసం చూసేది. షీల్డ్ ఇంకా చాలాచోట్ల వెతుకుతుంది. చిక్కల్లా, ఆ ముక్కలు రక్తంలోకి రావాలంటే గడ్డ పేగు గోడలోకి కొంత చొచ్చుకుపోవాలి. పాలిప్ (పేగు లోపలి పొరమీద పెరిగే చిన్న బుడిపె, కొన్ని తర్వాత క్యాన్సర్ కావచ్చు) అలా చొచ్చుకుపోదు. దాని కణాలు ఎక్కువగా మలంలోకే రాలిపోతాయి.

అంకెలే చూడండి. షీల్డ్‌కు ఆధారమైన అధ్యయనంలో 65 క్యాన్సర్లకు 54 దొరికాయి, 11 తప్పించుకున్నాయి. ముదిరిన పాలిప్స్ మాత్రం నూటికి 13 చొప్పునే దొరికాయి. ఏమీ లేనివారిలోనూ నూటికి పదిమందికి పాజిటివ్ వచ్చింది. పాజిటివ్ వస్తే మళ్లీ కొలొనోస్కోపీయే. పాలిప్ క్యాన్సర్ కావడానికి చాలా ఏళ్లు పడుతుంది. ఆలోగా కొలొనోస్కోపీలో దాన్ని చూసి అక్కడికక్కడే తీసేయవచ్చు. రక్తపరీక్ష ఎంత బాగున్నా ఆ పని చేయలేదు. లక్షణాలు లేకుండా కొలొనోస్కోపీకి జంకేవారికి ఏడాదికోసారి మలంలో రక్తం చూసే ఫిట్ పరీక్షే నయమని మా అభిప్రాయం. ఖర్చూ తక్కువే.

ప్రశ్న: మా ల్యాబ్ నుంచి ఇలా రక్తంలో డీఎన్‌ఏ చూసే పరీక్షలకు శాంపిళ్లు బయటికి పంపుతున్నాం. కొన్ని తిప్పి పంపేస్తున్నారు. తప్పు ఎక్కడ?
– ల్యాబ్ టెక్నీషియన్, విజయవాడ

జవాబు: చాలాసార్లు తెల్లకణాల దగ్గర. అవి పగిలితే వాటి డీఎన్‌ఏ బయటపడి, అసలే కొద్దిగా ఉన్న గడ్డ డీఎన్‌ఏని ముంచేస్తుంది. మామూలు ఈడీటీఏ ట్యూబులో (రక్తం గడ్డకట్టనివ్వని మందు ఉన్నది) తీస్తే నాలుగు గంటల్లోపు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ప్లాస్మా, అంటే పైన తేలే పసుపు ద్రవం, వేరుచేయాలి. ప్లాస్మాకూ కింది ఎర్రకణాలకూ మధ్యలో ఉండే తెల్లటి పొరకు (తెల్లకణాలు ఉండేది అక్కడే) పిపెట్ తగలనివ్వకండి. ఆ పొర పైన కొంచెం ప్లాస్మా వదిలేసినా నష్టం లేదు. తీసినదాన్ని ఇంకోసారి ఎక్కువ వేగంతో తిప్పండి.

కణాల్ని నిలిపి ఉంచే ప్రత్యేక ట్యూబైతే గీత దాకా నింపి, వెంటనే ఎనిమిది నుంచి పదిసార్లు మెల్లగా తలకిందులు చేయండి. కుదపకండి, ఐస్‌లో పెట్టకండి. ఎక్కువగా వాడే ట్యూబు 37 డిగ్రీల దాకానే తట్టుకుంటుంది. మే నెలలో కొరియర్ వ్యాన్‌లో అంతకు మించుతుంది కాబట్టి, వేడి చొరని పెట్టెలో గది చల్లదనానికి తెచ్చిన జెల్ ప్యాకులు వేసి పంపండి. ప్లాస్మా ఎర్రగా కనబడితే పంపకుండా మళ్లీ రక్తం తీయండి.