"ఇది క్లియర్ కదా" అనే ముందు ఒక్క నిమిషం ఆగు

బుజ్జీ,

సోమవారం నుంచి ఫస్టియర్ ఎంపీసీ వాళ్ళకి మ్యాథ్స్ చెప్తున్నావంట, మీ అమ్మ ఫోన్ చేసింది. ఏమైనా టిప్స్ చెప్పు మావయ్యా అని నువ్వూ మెసేజ్ పెట్టావు. చాక్‌పీసు ఎలా పట్టుకోవాలో నీకు చెప్పక్కర్లేదు, నోరు ఎలా పట్టుకోవాలో చెప్తా, ఎందుకంటే ముప్పై రెండేళ్ళ సర్వీసులో నేను చెడగొట్టిన పాఠాలన్నీ నోటితో చెడగొట్టినవే.

1981లో చేరిన కొత్తలో, బోర్డు మీద ఒక లైను రాసి దాని కింద ఇంకో లైను రాసి "ఇది స్పష్టం" అన్నాను, వెనక బెంచీలోంచి ఒకడు లేచి చాలా మర్యాదగా "ఎవరికి సార్?" అన్నాడు. నవ్వి, చెప్పబోయి, బోర్డు వైపు తిరిగానా, అంతే, ఒక్క స్టెప్పు కూడా తోచలేదు, బెల్లు కొట్టేదాకా చెమటలు. ఆ రోజు నుంచి మన భాష నాకే వింతగా వినిపించడం మొదలైంది. "ఈజీగా చూపించొచ్చు" అంటే రాత్రి ఇంట్లో నాకు రాలేదని, "మిగతాది హోంవర్క్" అంటే పీరియడ్ అయిపోతోందని, "కింది క్లాసులో చదివారు కదా" అంటే తప్పు హైస్కూలు మాస్టారిదని (ఆయన పాపం "పై క్లాసులో వస్తుందిలే" అని వదిలేసి ఉంటాడు).

మనమే కాదులే, పెద్దపెద్దోళ్ళదీ ఇదే జబ్బు. ఫ్రెంచి గణిత పండితుడు లాప్లాస్ రాసిన ఖగోళ గణితం పుస్తకాన్ని బౌడిచ్ అనే అమెరికా ఆయన ఇంగ్లీషులోకి మార్చాడు, లాప్లాస్ ఎక్కడ "ఇది స్పష్టంగా కనిపిస్తోంది" అన్నా ఆ ఖాళీ పూడ్చడానికి తనకి గంటల కొద్దీ చాకిరీ తప్పదని ఆయనకి తెలిసిపోయేదంట. అసలు స్పష్టం అనకుండా మొదట్నుంచీ చెప్తే ఏమవుతుందో కూడా చూశారు, రసెల్, వైట్‌హెడ్ అనే ఇంగ్లండు లెక్కల పండితులిద్దరూ కలిసి 1910లో వేసిన పుస్తకంలో 379వ పేజీకి గానీ ఒకటీ ఒకటీ రెండు అనే మాట దగ్గరికి రాలేదు, తీరా అక్కడా "కూడిక అంటే ఏంటో చెప్పాక ఇది తేలుతుంది" అని వాయిదా! తేలింది 1912లో, రెండో వాల్యూంలో. కాబట్టి నువ్వు అంత దూరం వెళ్ళకు, సిలబస్ అవ్వదు.

ఇంకో సంగతి, మన మాటలకి పిల్లల ఇళ్ళల్లో వేరే అర్థాలుంటాయి. అప్పట్లో నాది తెలుగు మీడియం, ఇంకా మండలాలు రాలేదు, "శూన్య సమితికి (అంటే లోపల ఏమీ లేని సెట్‌కి) ఉదాహరణ చెప్పండ్రా" అంటే "మా పంచాయతీ సమితి సార్, నిధుల్లేవు" అన్నాడొకడు. వర్గ సమీకరణం (ఎక్స్ స్క్వేర్ ఉండే ఈక్వేషన్) అంటే వాళ్ళకి పేపర్లో ఎలక్షన్ల వార్త. ప్రమేయం (ఫంక్షన్‌కి తెలుగు మీడియం పేరు) అంటే, "గొడవతో మాకే ప్రమేయం లేదు" అని స్టేషన్లో చెప్పే మాట!

నీది ఇంగ్లీష్ మీడియం కదా, ఈ బాధ లేదనుకోకు. ఫంక్షన్ అనగానే వాళ్ళకి గుర్తొచ్చేది ఫంక్షన్ హాలే. తిట్టకు, దాన్నే వాడుకో, నేను రిటైరయ్యే దాకా అలాగే చెప్పా. వచ్చిన ప్రతి చుట్టానికీ ఒక విస్తరి ఉండాలి, ఒక్కటే ఉండాలి. ఒకడు రెండు విస్తళ్ళ ముందు కూర్చున్నా, ఒక్క చుట్టం విస్తరి లేకుండా నిలబడ్డా అది ఫంక్షన్ కాదు, గొడవ. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఒకే విస్తట్లో తిన్నారనుకో, ఫంక్షనే, వన్-వన్ కాదంతే. ఒక్క విస్తరీ ఖాళీగా మిగల్లేదా, ఆన్‌టూ. నలభై నిమిషాల డెఫినిషన్ నాలుగు నిమిషాల్లో అయిపోతుంది, ఇక మిగతా టైమంతా అప్పడాలు ఎటు మ్యాప్ అయ్యాయో అని వాళ్ళే అడుగుతారు, అడగనీ.

సైన్ మీద 2 వేస్తే వర్గమని, అదే చోట మైనస్ 1 వేస్తే మాత్రం వన్ బై సైన్ కాదు, సైన్ విలువ నుంచి కోణానికి వెనక్కి వెళ్ళడమని చెప్పేటప్పుడు కొంచెం సిగ్గుపడుతూ చెప్పు, అందులో వాళ్ళ తప్పేం లేదు, ఆ రాత మనదే.

ఇదంతా నీకెందుకు రాస్తున్నానంటే, ఒకసారి స్పాట్ వాల్యుయేషన్‌లో ఒక పేపర్ తగిలింది. ఏడు మార్కుల లెక్క, పైనుంచి ఎల్‌హెచ్ఎస్ (ఎడమ వైపుది) నాలుగు లైన్లు దిగింది, కిందనుంచి ఆర్‌హెచ్ఎస్ (కుడి వైపుది) మూడు లైన్లు ఎక్కింది, మధ్యలో రెండూ కలవట్లేదు, అక్కడ వాడు గుండ్రంగా "క్లియర్లీ" అని రాసి, కింద "హెన్స్ ప్రూవ్డ్" అని డబ్బా కట్టి అండర్‌లైన్ కూడా చేశాడు. ఎవరి స్టూడెంటో తెలీదు, చేతిరాత మాత్రమే కొత్త, పద్ధతి అచ్చం నాదే. స్టెప్పులకి మూడు మార్కులు వేశా, ఆ క్లియర్లీ మీద ఎర్ర పెన్నుతో సున్నా చుట్టబోయి చాలాసేపు ఆగిపోయా.

సోమవారం సాయంత్రం ఫోన్ చెయ్యి, ఎన్నిసార్లు అన్నావో లెక్కపెట్టి చెప్పు.

మీ మావయ్య