తుపానుకు ముందు బోటును ఎలా కట్టాలి?
తమ్ముడూ, ఫైబర్ బోటును అంతర్వేది రేవులోనే బిగించి కట్టేస్తే చాలా అని అడిగావు. చాలదు, బిగించడమే ప్రమాదం. ఉప్పెనకు నీరు లేస్తే తాడైనా తెగుతుంది, బోటైనా మునుగుతుంది. ఈరోజే పోటు మీద లోపలి పాయలోకి తీసుకుపో. ముందూ వెనకా లంగర్లు వెయ్యి, ఒడ్డుకు కట్టే తాళ్లు పొడవుగా, వదులుగా ఉంచు. తాడు బోటు అంచుకు ఒరుసుకునే చోట పాత గోనెసంచి మందంగా చుట్టి సుతిలితో బిగించు; తాడు ముందుగా అరిగిపోయేది అక్కడే. కొబ్బరిచెట్టుకైతే మొదలు దగ్గరే కట్టు. ఇంజను, వలలు ఇంటికి చేర్చు.

కాపలాకని బోటులో మాత్రం పడుకోవద్దు, నీ కాళ్లు పట్టుకుంటాను. 1996 నవంబరు 6 తుపాను ఎందరు మత్స్యకారులను పొట్టన పెట్టుకుందో మన తీరమంతటికీ తెలుసు. గాలి ఉన్నట్టుండి ఆగినా రేవుకు వెళ్లకు. తుపాను కన్ను, అంటే గాలి లేని నడిమి భాగం, దాటగానే గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది.