ఆగస్టులో పని పోతోందన్న అమ్మాయికి

అమ్మాయ్,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. నువ్వు చూసుకునే పాపకి టీకే (కిండర్‌గార్టెన్‌కి ముందు ఏడాది బడి) మొదలవుతోంది కాబట్టి ఆగస్టు తర్వాత నానీ అక్కర్లేదని ఆ ఇంటివాళ్లు చెప్పేశారు. ఈ ఖాళీలోనే బిడ్డ కోసం చూద్దామని మీరిద్దరూ అనుకుంటున్నారు. అన్‌ఎంప్లాయ్‌మెంట్‌కి (పని పోయినవాళ్లకిచ్చే భృతికి) అప్లై చేస్తే ఈడీడీ (రాష్ట్ర ఉపాధి శాఖ) వాళ్లు ఆ సంగతి అడిగి ఆపేస్తారేమోనని నీ బెంగ. కాలిఫోర్నియాలో సెప్టెంబరు 1కి నాలుగేళ్లు నిండిన పిల్లలందరికీ 2025 నుంచి టీకే వచ్చేసింది కదా, అప్పటినుంచి ఆగస్టు వస్తోందంటే మన నానీలకి గుండెల్లో దడే.

ఆ ప్రశ్న ఎవరూ అడగరు. ప్లాన్ చేసుకోవడం తప్పు కాదు, చెప్పాల్సిన పనీ లేదు. గర్భవతివన్న ఒక్క కారణంతో అన్‌ఎంప్లాయ్‌మెంట్ ఆపకూడదని 1976 నుంచి ఫెడరల్ చట్టమే ఉంది. అంతకుముందు యూటా రాష్ట్రంలో కాన్పుకి 12 వారాల ముందు నుంచి ఆ తర్వాత 6 వారాల దాకా ఆడవాళ్లకి ఇవ్వకూడదని రూలు ఉండేది. 1975లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కాబట్టి ఆ భయం వదిలెయ్. నువ్వు భయపడాల్సింది వేరే ఉంది, అది అడగడమే మర్చిపోయావు: వాళ్లు నిన్ను పేరోల్‌లో పెట్టారా, అంటే నీ జీతం ప్రభుత్వానికి లెక్క చూపిస్తున్నారా?

నా కథ చెబుతాను. ఫ్రీమాంట్‌లో ఒక ఇంట్లో కవలల్ని మూడేళ్లు పెంచాను. సగం జీతం చెక్కు, సగం క్యాష్ కవర్లో. టాక్స్ మిగులుతుంది ఆంటీ అంటే నేనూ సంబరపడ్డాను. పని పోయాక క్లెయిమ్ వేశాను. కొన్నాళ్లకి ఈడీడీ నుంచి కవరొచ్చింది. అందులో ఒక చిన్న పట్టీ, యజమాని పేరు ఎదురుగా నాలుగు గళ్లు, గడికో క్వార్టర్, అంటే మూడు నెలలు. రెండు గళ్లలో సగం జీతం, రెండు గళ్లలో సున్నా. ఆ సున్నాల్ని వంటింటి గట్టు మీద పెట్టుకుని ఎంతసేపు చూశానో. బ్యాంకులో పడ్డ చెక్కుల కాపీలు పట్టుకుని తిరిగితే చెక్కుల వరకూ సరిచేశారు. క్యాష్‌కి సాక్ష్యం కవర్లే, అవి ఎప్పుడో చెత్తబుట్టలోకి పోయాయి.

ఇక్కడ లెక్క ఇది. ఒక కుటుంబం ఇంటిపనివాళ్లకి ఒక క్వార్టర్లో 750 డాలర్లో అంతకన్నా ఎక్కువో ఇస్తే ఈడీడీలో రిజిస్టర్ అయ్యి, పనివాళ్ల జీతంలోంచి ఎస్‌డీఐ (రాష్ట్ర డిజబిలిటీ ఇన్సూరెన్స్‌కి వెళ్లే డబ్బు) కట్ చేయాలి. 1,000కి చేరితే అన్‌ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ కూడా కట్టాలి, అది వాళ్ల జేబులోంచే, నీ జీతంలోంచి కాదు. నువ్వు ఇండిపెండెంట్ కాంట్రాక్టర్‌వి అంటూ 1099 ఫారం చేతిలో పెడితే ఒప్పుకోకు. వాళ్ల ఇంట్లో, వాళ్లు చెప్పిన టైముకి, వాళ్లు చెప్పినట్టు పనిచేసేది ఉద్యోగే. నీకు రావాల్సింది డబ్ల్యూ-2, ఉద్యోగులకిచ్చే జీతం ఫారం. ఒకవేళ పేరోల్‌లో పెట్టకపోయినా క్లెయిమ్ మాత్రం వెయ్, జెల్‌లో వచ్చిన బ్యాంకు ట్రాన్స్‌ఫర్లు, మెసేజ్‌లు అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకో. జీతం చూపించలేదని తేలితే ఈడీడీ వాళ్లనే అడుగుతుంది. మొహమాటపడకు.

వారానికి ఎంతొస్తుంది అంటావా, నీకు అన్నిటికంటే ఎక్కువ జీతం వచ్చిన క్వార్టర్ 11,674 డాలర్లు దాటితే 450, అంతే, అంతకు మించి పైసా రాదు. 26 వారాల దాకా. బే ఏరియా అద్దెకి అది ఏ మూలకీ చాలదనుకో. మొదటి వారం వెయిటింగ్, దానికి డబ్బు ఉండదు.

ఇంకో మాట. నీ అంతట నువ్వు మానేశానని ఎక్కడా అనకు, మానెయ్యకు కూడా. రెస్ట్ కావాలని జూలైలోనే ఆపేద్దామా అన్నావు చూడు, ఆ మాట వెనక్కి తీసుకో. పాప బడికి వెళ్తోంది కాబట్టి పని లేదని వాళ్లే ఫలానా తేదీకి తీసేసినట్టు ఒక మెసేజ్ రాయించుకో. రెండు లైన్లు చాలు.

తర్వాత రెండు వారాలకోసారి సర్టిఫై చేయాలి, అంటే ఈడీడీ ప్రశ్నలకి జవాబులివ్వాలి. అక్కడ అడిగేవి: జబ్బుతో పనిచేయలేని రోజులున్నాయా, ఫుల్ టైమ్ పని వస్తే చేరకుండా ఉండే కారణం ఏదైనా ఉందా, పని వెతికావా. నిజమే చెప్పు. వేవిళ్లతో రెండు రోజులు మంచం దిగలేకపోతే ఆ రెండు రోజులూ చెప్పు, ఆ మేరకు తగ్గిస్తారు, క్లెయిమ్ మూసెయ్యరు. ఐదో నెలలో ఉన్నా డాక్టర్ వద్దనకపోతే నువ్వు పని చేయగలిగినదానివే. మన పని బరువులెత్తే పనే, కాదనను, అయినా స్కూల్ పికప్‌లూ హోంవర్కులూ ఉన్న పెద్ద పిల్లల ఇళ్లు బోలెడు. అలాంటివాటికి అప్లై చేస్తూ, ఎవరికి ఎప్పుడు మెసేజ్ పెట్టావో ఒక నోట్‌బుక్‌లో రాసుకో.

మధ్యలో అమ్మని చూసొస్తానని ఇండియా వెళ్తే, ఆ వారాలకి సర్టిఫై చేయకు. దేశంలో లేనిదానివి ఇక్కడ పనికి దొరకవు కదా. విజయవాడ నుంచి ఫోన్‌లో "అవును" అని నొక్కి, తర్వాత జరిమానాతో సహా వెనక్కి కట్టినవాళ్లని నేను ఎరుగుదును.

ఇక అసలు విషయం, క్యాలెండర్. కాన్పుకి దగ్గరపడ్డాక అన్‌ఎంప్లాయ్‌మెంట్ కాదు, డిజబిలిటీ ఇన్సూరెన్స్ తీసుకోవాలి. మామూలుగా డ్యూ డేట్‌కి 4 వారాల ముందు నుంచి, నార్మల్ అయితే తర్వాత 6 వారాలు, సిజేరియన్ అయితే 8. ఆ పైన బిడ్డతో ఉండడానికి పెయిడ్ ఫ్యామిలీ లీవ్ 8 వారాలు. 2025 నుంచి ఇవి జీతంలో 70 నుంచి 90 శాతం ఇస్తున్నాయి. అంటే 450 కంటే చాలా నయం. అన్‌ఎంప్లాయ్‌మెంటూ ఇవీ ఒకేసారి రావు. డిజబిలిటీ అయ్యి కోలుకున్నాక, అన్‌ఎంప్లాయ్‌మెంట్ క్లెయిమ్ వేసి సంవత్సరం తిరక్కపోతే, మిగిలిన అన్‌ఎంప్లాయ్‌మెంట్ వారాలు మళ్లీ తెరిపించుకోవచ్చు.

చిక్కేమిటంటే, ఆ డిజబిలిటీ క్లెయిమ్ మొదలయ్యే రోజుకి 5 నుంచి 18 నెలల వెనక జీతాన్ని చూస్తారు. నువ్వు ఆగస్టులో ఆపి, వచ్చే ఏడాది మేలో క్లెయిమ్ వేస్తే ఈ ఏడాది జనవరి నుంచి డిసెంబరు దాకా చూస్తారు. నీ ఎనిమిది నెలల జీతం అందులో ఉంటుంది. అదే అక్టోబరుకి జరిగితే జూలై, ఆగస్టు రెండు నెలలే మిగులుతాయి. ఆ మరుసటి జనవరికి జరిగితే గడులన్నీ సున్నా. పని వెతుకుతూ చాలాకాలం ఖాళీగా ఉన్నవాళ్లకి పాత క్వార్టర్లు కలిపే వీలు కొంత ఉంది గానీ, దాని మీద ఆధారపడకు. బిడ్డ మన క్యాలెండర్ చూసి రాదు, నాకూ తెలుసు. అందుకే అంటున్నాను, మధ్యలో చిన్నదైనా సరే ఎస్‌డీఐ కట్ చేసే ఉద్యోగం దొరికితే వదులుకోకు. అన్‌ఎంప్లాయ్‌మెంట్ 26 వారాలూ అయిపోయినా పని వెతకడం ఆపకు. డిజబిలిటీ మొదలయ్యే నాటికి ఉద్యోగంలోనో, ఉద్యోగం వెతుకుతూనో ఉన్నావని చూపించాలి.

నీ హెచ్-4 ఈఏడీ (మీ ఆయన వీసా మీద నీకొచ్చిన పని పర్మిట్) గురించి: అన్‌ఎంప్లాయ్‌మెంట్‌కి పర్మిట్ బతికి ఉండాలి, రెన్యువల్ ఇప్పుడే మొదలుపెట్టు. డిజబిలిటీకి, ఫ్యామిలీ లీవ్‌కి వీసా లెక్కలోకి రాదు. రేపు గ్రీన్‌కార్డు దగ్గర పబ్లిక్ చార్జ్ (ప్రభుత్వ సాయం మీద బతికే మనిషి) అంటారేమోనని మీ ఆయన భయపడ్డాడట. అన్‌ఎంప్లాయ్‌మెంట్ అందులోకి రాదని చెప్పు.

డిజబిలిటీ మొదలైన 9 రోజుల తర్వాత నుంచి 49వ రోజు లోపు ఫారం వెయ్యాలి, డాక్టర్ భాగం డాక్టరే నింపాలి. పురిట్లో ఉన్నప్పుడు మీ ఆయన ఆ తేదీలు గుర్తుపెట్టుకుంటాడని నాకు నమ్మకం లేదు, ఫ్రిజ్ మీద అంటించు.

శుక్రవారం జీతం ఇచ్చేటప్పుడు వాళ్లని పే స్టబ్‌లు అడుగు. ఎస్‌డీఐ అన్న లైన్ ఉందో లేదో చూసి, ఆ రాత్రే నాకు ఫోటో పంపు.

దొడ్డమ్మ